గోడకు పోర్టు ఉంది.. అడగడానికి చోటేది?

మొన్నొక మధ్యాహ్నం రెండున్నరకు ఫోన్ వచ్చింది. అశోక్‌నగర్‌లో హాస్టల్లో ఉంటూ యూనివర్సిటీలో ఎంసీఏ చదువుతున్న తమ్ముడు. నాలుగింటికి ఒక కంపెనీ ఆన్‌లైన్ టెస్ట్. హాస్టల్ వైఫై మీద నమ్మకం లేక డిపార్ట్‌మెంట్‌కు వెళ్లాడు. సుల్తాన్ బజార్ పక్కన గుజరాతీ గల్లీలో కొన్న కొత్త కేబుల్, యూఎస్‌బీ ల్యాన్ అడాప్టర్ పట్టుకుని గోడకున్న పోర్టు ముందు కూర్చున్నాడు.

"అన్నా, కేబుల్ పెట్టిన. లైట్ ఎలుగుతుంది. నెట్ మాత్రం వస్తలేదు."

"ఐపీ ఎంత చూపిస్తుందిరా?"

"169.254తో ఏదో ఉందన్నా."

సంగతి అర్థమైంది. "మ్యాక్ అడ్రస్ రిజిస్టర్ చేయించావా?" అంటే "నెల కిందనే చేపిచ్చిన" అన్నాడు. మరి ఏ మ్యాక్ ఇచ్చావంటే ల్యాప్‌టాప్ వైఫైది. ఇప్పుడు కేబుల్ తగిలించింది అడాప్టర్‌కు. దాని మ్యాక్ వేరు. నెట్‌వర్క్ లెక్కలో అది ముక్కూమొహం తెలియని కొత్త మనిషి. సరిచేయాల్సిన సార్ లంచ్‌కు వెళ్లారు. ఎప్పుడొస్తారో అటెండర్‌కు తెలియదు. వేరే ఎవరిని అడగాలో నోటీసు బోర్డు మీద లేదు. చివరికి ఫ్రెండ్ ఫోన్ హాట్‌స్పాట్ మీద టెస్ట్ రాశాడు. మధ్యలో రెండుసార్లు లైన్ తెగింది. తర్వాతి రౌండ్‌కు పిలుపు రాలేదు. నెట్ వల్లే పోయిందా అంటే నేను చెప్పలేను, వాడూ చెప్పలేడు. ఆ అనుమానం మాత్రం వాడిని వదలడం లేదు.

ఇది ఒక్కడి కథ కాదు. సొంత ల్యాప్‌టాప్‌ను డిపార్ట్‌మెంట్ వైర్డ్ నెట్‌వర్క్‌కు కలుపుకోవడం మన యూనివర్సిటీల్లో ఇంకా 'ఎవరినో పట్టుకుంటే అయ్యే పని'గానే ఉంది. అది మారాలి. మారాలంటే డిపార్ట్‌మెంట్లు చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. మనం నేర్చుకోవాల్సినవి అంతకంటే ఎక్కువే ఉన్నాయి.

వైఫై ఉందిగా, వైరెందుకు?

చాలామంది అడిగే మొదటి ప్రశ్న ఇది. వైఫై అంటే ఒకే గదిలో అందరూ ఒకేసారి మాట్లాడాలని చూడటం. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి. అరవై మంది క్లాసులో అరవై ఫోన్లు, ముప్ఫై ల్యాప్‌టాప్‌లు ఒక్క యాక్సెస్ పాయింట్‌ను పట్టుకుంటే ఎంత స్పీడ్ ప్లాన్ ఉన్నా ఎవరి వాటా వాళ్లకు సన్నగానే వస్తుంది. పాత బిల్డింగ్ అయితే గోడలు కూడా అడ్డమే. కోఠిలోని ఉమెన్స్ యూనివర్సిటీని చూడండి. 1924లో కాలేజీగా మొదలైంది, 2022లో యూనివర్సిటీ అయింది, 2024లో వీరనారి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. ఆ ఆవరణలోని బ్రిటిష్ రెసిడెన్సీ రెండు వందల ఏళ్ల నాటి కట్టడం. అలాంటి మందపాటి గోడల్ని దాటి సిగ్నల్ వెళ్లడం ఎంత కష్టమో ఫిజిక్స్ చదివిన ఎవరికైనా తెలుసు.

వైరుకు ఆ బాధ లేదు. క్యాట్ 5ఈ కేబుల్ మీద వంద మీటర్ల దాకా సెకనుకు ఒక గిగాబిట్ వేగం నిలకడగా వస్తుంది. మీ కేబుల్‌లో మీరు ఒక్కరే. ఆన్‌లైన్ టెస్ట్‌లో కెమెరా వీడియో ఆగకుండా వెళ్లాలన్నా, పెద్ద డేటాసెట్ దించుకోవాలన్నా, ఇంటర్వ్యూలో మాట తెగకూడదన్నా ఇదే నమ్మకం.

ఇంకో కారణం జర్నల్స్. 2024 నవంబర్‌లో కేంద్ర కేబినెట్ 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకానికి ఆమోదం తెలిపింది. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు. 30 ప్రచురణ సంస్థలు, దాదాపు 13,000 జర్నల్స్. ప్రభుత్వ విద్యాసంస్థల్లో చదివే మన లాంటివాళ్ల కోసమే. ఇలాంటి చందాలు మామూలుగా రెండు దారుల్లో తెరుచుకుంటాయి. ఒకటి, మీరు వస్తున్నది క్యాంపస్ ఐపీ అడ్రస్ నుంచేనని గుర్తుపట్టడం. రెండు, సంస్థ ఇచ్చే లాగిన్. క్యాంపస్‌లోనే కూర్చుని ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకున్నామనుకోండి, మొదటి దారి మూసుకుపోయినట్టే. ప్రాజెక్టుకు కావాల్సిన పేపర్ డబ్బు కట్టమని అడుగుతుంది. ప్రభుత్వం ఇప్పటికే మన తరఫున కట్టేసిన డబ్బు అది!

అంతకుముందు సంగతి కూడా ఉంది. దేశంలోని యూనివర్సిటీలు, పరిశోధన సంస్థలను హైస్పీడ్ ఫైబర్‌తో కలపడానికి నేషనల్ నాలెడ్జ్ నెట్‌వర్క్‌ను 2010లో మంజూరు చేశారు. దానికి వేసిన అంచనా 5,990 కోట్లు. అంటే ఢిల్లీ నుంచి క్యాంపస్ గేటు దాకా దారి వేశారు. గేటు నుంచి మన బెంచీ దాకా ఉన్న ఆఖరి ముప్ఫై మీటర్ల దగ్గరే ఆగిపోతున్నాం.

నేను చేసిన ఘనకార్యం

తప్పంతా అడ్మిన్లదే అని రాసేస్తే చప్పట్లు పడతాయి. కానీ నేను ఒకప్పుడు ఒక ఫ్లోర్ మొత్తాన్ని పడుకోబెట్టినవాడిని. కాబట్టి అవతలి పక్క కూడా చెప్పాలి.

ఫైనల్ ఇయర్. మా ప్రాజెక్టు గదిలో పనిచేసే పోర్టు ఒక్కటే. మేం నలుగురం. ఇంట్లో మూలన పడున్న పాత వైఫై రౌటర్ తెచ్చాను. గోడ నుంచి వచ్చే వైరును నీలం రంగు వ్యాన్ పోర్టులో పెట్టాలి. తెలియక పక్కనున్న ల్యాన్ పోర్టులో పెట్టాను. మా నలుగురికీ నెట్ రాలేదు సరికదా, పది నిమిషాల్లో పక్క ల్యాబ్‌లో కేకలు మొదలయ్యాయి. ఆఫీసులో క్లర్క్ మేడం పరీక్ష ఫీజు లిస్టులు ఎక్కిస్తున్నారు. ఆ రోజు ఆఖరు తేదీ. ఆవిడ కంప్యూటర్ కూడా పోయింది.

జరిగింది ఏమిటంటే, ఏ కంప్యూటరైనా నెట్‌వర్క్‌లోకి రాగానే "నాకో అడ్రస్ ఇవ్వండి" అని గట్టిగా అరుస్తుంది. అడ్రస్‌లు పంచే పని డీహెచ్‌సీపీ సర్వర్‌ది. నా రౌటర్‌లోనూ ఒక బుల్లి డీహెచ్‌సీపీ సర్వర్ ఉంది. అది దగ్గరగా ఉంది కాబట్టి అసలు సర్వర్ కంటే ముందే జవాబు చెప్పేసింది. ఒక్కో కంప్యూటర్‌కూ 192.168.0తో మొదలయ్యే అడ్రస్ అంటగట్టింది. బయటికి దారేది అని అడిగితే తననే చూపించింది. దానికి దారే తెలియదు!

నెట్‌వర్క్ చూసే సార్ ల్యాప్‌టాప్ పట్టుకుని గది గదీ తిరుగుతూ గంటన్నరకు మా దగ్గరికొచ్చారు. తిడతారనుకున్నా. "కూర్చో. ఐపీకాన్ఫిగ్ కొట్టు. గేట్‌వే ఎంతుంది? మన డిపార్ట్‌మెంట్ గేట్‌వే అదేనా?" అని నాతోనే దొంగను పట్టించారు. వైరు పీకాక ఒక్క మాటన్నారు, "పెట్టేముందు అడిగుంటే పోయేది కదా."

"ఎవర్ని అడగాలో ఎక్కడా రాసి లేదు సార్" అన్నాను.

ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. ఆ మాట నిజం. నేను చేసింది తప్పు, అదీ నిజం. ఫీజు లిస్టులు ఆ రాత్రి ఎనిమిదింటి దాకా కూర్చుని క్లర్క్ మేడం పూర్తి చేశారని మర్నాడు తెలిసింది. ఆవిడకు ఎదురుపడటానికి వారం పట్టింది నాకు.

అడ్మిన్ భయం అబద్ధం కాదు

ఇలాంటి ఒక్క రౌటర్ చాలు వాళ్ల రోజు పాడవడానికి. ఒక వైరు రెండు చివరలూ ఒకే స్విచ్‌లో పెట్టే మహానుభావులు కూడా ఉంటారు. అప్పుడు నెట్‌వర్క్‌లో మెసేజ్‌లు గుండ్రంగా తిరిగి తిరిగి స్విచ్ ఊపిరాడక ఆగిపోతుంది. పైరేటెడ్ సాఫ్ట్‌వేర్‌తో పాటు వైరస్ తెచ్చే ల్యాప్‌టాప్‌లు సరేసరి.

దీనికి తోడు చట్టం. కేంద్రం కింద పనిచేసే సెర్ట్ ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశాలిచ్చింది. సర్వీస్ ప్రొవైడర్లు, కంపెనీలు, ప్రభుత్వ సంస్థలు తమ సిస్టమ్ లాగ్‌లను 180 రోజులు దాచాలి. సైబర్ సంఘటన ఏదైనా కంటపడితే ఆరు గంటల్లో తెలపాలి. రేపు మీ క్యాంపస్ ఐపీ నుంచి ఎవరైనా ఏదైనా వెధవ పని చేస్తే పోలీసులు వచ్చి అడిగేది ఒకటే, ఆ టైంలో ఆ అడ్రస్ ఎవరి దగ్గరుంది అని. మ్యాక్ రిజిస్ట్రేషన్, లాగిన్ అన్నీ ఆ ప్రశ్నకు జవాబు కోసమే. మనల్ని ఏడిపించడానికి కాదు.

కాబట్టి సీనియర్లు చెప్పే ఒక చిట్కాకు దూరంగా ఉండండి. ల్యాబ్ కంప్యూటర్ మ్యాక్ అడ్రస్ కాపీ కొట్టి మన ల్యాప్‌టాప్‌కు పెట్టుకోవడం. ఒకే మ్యాక్‌తో రెండు మెషిన్లు ఉంటే ఇద్దరికీ సరిగా నడవదు. అంతకుమించి, అనుమతి లేకుండా నెట్‌వర్క్‌లోకి చొరబడటం ఐటీ చట్టం 2000లోని 43వ సెక్షన్ కిందికి వస్తుంది. ఉద్యోగానికి పోబోయేవాడికి ఆ మచ్చ అవసరమా?

లైబ్రరీని చూసి నేర్చుకోవచ్చు

మరి దారేమిటి? జవాబు మన గల్లీల్లోనే ఉంది.

సుల్తాన్ బజార్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఉంది. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు లాంటివాళ్లు పూనుకుంటే 1901లో పుట్టింది. తెలుగు పుస్తకం చదవడానికి ఈ ఊళ్లో చోటే లేని రోజులవి. పుస్తకం పోతుందేమో అని వాళ్లు తాళం వేసుకుని కూర్చోలేదు. ఎవరు పడితే వాళ్లు ఎత్తుకుపోయేలా వదిలేయనూ లేదు. ఏ గ్రంథాలయమైనా నిలబడేది సభ్యత్వం, రిజిస్టర్, తేదీ మీదే. రిజిస్టర్ లేని లైబ్రరీలో పుస్తకాలు మిగలవు. తలుపు తీయని లైబ్రరీ గోడౌన్‌తో సమానం.

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి వెళ్లి చూడండి. గ్రూప్స్‌కు చదివే వందల మంది సొంత పుస్తకాలు సంచీలో తెచ్చుకుని అక్కడ కూర్చుంటారు. 'మా పుస్తకాలే చదవాలి' అని పట్టుబడితే సగం బల్లలు ఖాళీ అయ్యేవి. వాళ్లకు కావాల్సింది చోటు, వెలుతురు, నిశ్శబ్దం. సొంత ల్యాప్‌టాప్ తెచ్చుకునే విద్యార్థి కూడా డిపార్ట్‌మెంట్‌ను కొత్త కంప్యూటర్ అడగడం లేదు. గోడలో ఆల్రెడీ ఉన్న పోర్టులో ఒక చోటు అడుగుతున్నాడు.

దీనికి కోట్లు అక్కర్లేదు. డిపార్ట్‌మెంట్లు చేయాల్సినవి ఇవీ:

ఒకటి, ఒకే పేజీ ఫారం. రోల్ నంబర్, మ్యాక్ అడ్రస్, సంతకం. ఎవరికివ్వాలి, ఏ టైంలో ఇవ్వాలి, ఎన్ని పనిదినాల్లో అవుతుంది అన్నది నోటీసు బోర్డు మీద తెలుగులోనూ ఉండాలి.

రెండు, విద్యార్థుల ల్యాప్‌టాప్‌లకు వేరే వీల్యాన్. అంటే అవే స్విచ్‌లు, అవే వైర్ల మీద ఒక ప్రత్యేక నెట్‌వర్క్. ఆఫీసు కంప్యూటర్లు వీళ్లకు కనబడవు. నా లాంటివాడు తప్పు చేసినా ఫీజు లిస్టు ఆగదు. మేనేజ్డ్ స్విచ్ ఉంటే ఇది సెట్టింగ్ పని. దాంతో పాటు డీహెచ్‌సీపీ స్నూపింగ్ ఆన్ చేస్తే దొంగ రౌటర్ల గొడవే ఉండదు.

మూడు, ప్రతి పోర్టు మీద ఒక నంబర్ స్టిక్కర్. ఏది పనిచేస్తుందో, ఏది చచ్చిపోయిందో తెలియక అరగంట వెతుక్కోవడం తప్పుతుంది.

నాలుగు, ప్లేస్‌మెంట్ టెస్టుల రోజున ముందే పరీక్షించి పెట్టిన పది వైర్డ్ సీట్లు. సొంత ల్యాప్‌టాప్ లేనివాళ్ల కోసం ల్యాబ్ కంప్యూటర్లు కూడా అందులో ఉండాలి. ఎందుకంటే ల్యాప్‌టాప్ కొనలేని వాళ్లే మనలో ఇంకా ఎందరో.

'ఇవన్నీ ఇస్తే సినిమాలు డౌన్‌లోడ్ చేస్తారు' అనేది పాత మాట. ఒక్కొక్కరికి ఇంత స్పీడ్ అని పరిమితి పెట్టొచ్చు. ఒకడు అల్లరి చేస్తే వాడి మ్యాక్ ఆపేయొచ్చు. ఫారంలో పేరుంది కదా!

కేబుల్ పెట్టేముందు మీ హోంవర్క్

డిపార్ట్‌మెంట్ మారేదాకా మనం చేతులు కట్టుకుని కూర్చోలేం. ఈ నాలుగు ముక్కలు గుర్తుంచుకోండి.

మీ ల్యాప్‌టాప్‌లో వైఫైకి ఒక మ్యాక్, ల్యాన్ పోర్టుకు ఇంకొకటి, యూఎస్‌బీ అడాప్టర్‌కు మరొకటి ఉంటాయి. పన్నెండు అక్షరాలు, అంకెలు రెండేసి చొప్పున ఆరు జతలుగా కనిపించేదే మ్యాక్. అడాప్టర్ తగిలించి, కమాండ్ ప్రాంప్ట్‌లో 'ఐపీకాన్ఫిగ్ /ఆల్' కొట్టండి. ఈథర్‌నెట్ అని ఉన్నచోట ఫిజికల్ అడ్రస్ రాసుకోండి. ఫారంలో ఇవ్వాల్సింది అదే. ఫ్రెండ్ అడాప్టర్ అప్పు తెచ్చుకుంటే మ్యాక్ వాడిదే, బాధ్యత కూడా వాడి మెడకే.

లైట్ వెలగకపోతే కేబుల్, పోర్టు సంగతి చూడాలి. లైట్ వెలిగినా అడ్రస్ 169.254తో మొదలైతే డీహెచ్‌సీపీ నుంచి జవాబు రాలేదని అర్థం. రిజిస్ట్రేషన్ చూసుకోండి. అడ్రస్ సరిగానే ఉండి సైట్లు తెరుచుకోకపోతే బ్రౌజర్‌లో లాగిన్ పేజీ వస్తుందేమో, డీఎన్ఎస్ సరిగా ఉందేమో చూడాలి. ఈ మూడు మెట్లు తెలిస్తే సార్ దగ్గరికి 'నెట్ రావట్లేదు' అని వెళ్లం. 'పోర్టు నంబర్ 14, లింక్ ఉంది, ఐపీ రావడం లేదు' అని వెళ్తాం. ఆయన మనవైపు చూసే చూపే మారిపోతుంది.

కొన్నిచోట్ల 802.1ఎక్స్ అనే పద్ధతి ఉంటుంది. కేబుల్ పెట్టగానే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడుగుతుంది. అడగడం లేదంటే విండోస్‌లో 'వైర్డ్ ఆటోకాన్ఫిగ్' అనే సర్వీస్ ఆగి ఉండొచ్చు. దాన్ని స్టార్ట్ చేయాలి.

స్టాటిక్ ఐపీ ఇచ్చే డిపార్ట్‌మెంట్లలో వాళ్లిచ్చిన అంకెలే వేయండి. 'పక్కవాడిది ప్లస్ వన్' అని సొంతంగా వేస్తే అది ఎవరి అడ్రసో, ఎవరి పని ఆగుతుందో తెలియదు. ఇంటికొచ్చాక మళ్లీ ఆటోమేటిక్‌కు మార్చడం మర్చిపోకండి. లేకపోతే ఇంట్లో నెట్ రాదు, రౌటర్‌ను తిడుతూ కూర్చుంటారు.

అన్నిటికంటే ముఖ్యం, టెస్ట్ ఉన్న రోజు మొదటిసారి కేబుల్ పెట్టొద్దు. వారం ముందే పెట్టి చూసుకోండి.

పోర్టు వెనక ఉద్యోగం ఉంది

కెరీర్ పేజీలో ఈ గోల ఎందుకని అనిపించొచ్చు. మన కాలేజీల్లో కంప్యూటర్ నెట్‌వర్క్స్ సబ్జెక్టు పాసైనవాళ్లు లక్షల్లో ఉంటారు. ఏడు లేయర్లు నిద్రలో లేపినా చెబుతారు. వైరు తగిలించి నెట్ రాకపోతే మాత్రం ఏ లేయర్ దగ్గర ఆగిందో చెప్పేవాళ్లు తక్కువ. నెట్‌వర్క్ సపోర్ట్, క్లౌడ్ సపోర్ట్, సెక్యూరిటీ ఆపరేషన్స్.. ఫ్రెషర్లను తీసుకునే ఈ పనులన్నింటిలో మొదటి రోజు నుంచి కావాల్సింది ఆ రెండో విద్యే.

నా మొదటి ఉద్యోగం ఇంటర్వ్యూలో ఒకాయన అడిగాడు, "ఒకే నెట్‌వర్క్‌లో రెండు డీహెచ్‌సీపీ సర్వర్లు ఉంటే ఏమవుతుంది?" పుస్తకంలో జవాబు నాకూ వచ్చు. దాని బదులు ఆ మధ్యాహ్నం కథ చెప్పాను. క్లర్క్ మేడంతో సహా. ఆయన నవ్వి, తర్వాతి ఇరవై నిమిషాలు దాని మీదే ప్రశ్నలు వేశాడు. అన్నిటికీ చెప్పగలిగాను. ఎందుకంటే సార్ ఆ రోజు నా చేతే వెతికించారు.

మీకు అంత దూరం అక్కర్లేదు, ఫ్లోర్ పడుకోబెట్టనూ అక్కర్లేదు. సిస్కో ప్యాకెట్ ట్రేసర్ ఉచితంగా దొరుకుతుంది. ఎన్‌పీటీఈఎల్‌లో నెట్‌వర్క్ పాఠాలున్నాయి. గుజరాతీ గల్లీలో నాలుగు మీటర్ల కేబుల్, క్రింపింగ్ టూల్, పది కనెక్టర్లు కొనుక్కుని ఇంట్లో మీరే ఒక వైరు తయారుచేసి చూడండి. తెల్లనారింజ, నారింజ, తెల్లాకుపచ్చ, నీలం, తెల్లనీలం, ఆకుపచ్చ, తెల్లగోధుమ, గోధుమ. ఈ వరుస ఒకసారి చేతికొస్తే ఇక పోదు. మొదటి రెండు కనెక్టర్లు పాడవుతాయి, పర్లేదు.

ఆ తర్వాత మీ డిపార్ట్‌మెంట్ నెట్‌వర్క్ చూసే సార్ దగ్గరికి వెళ్లి, "పోర్టులకు నంబర్ స్టిక్కర్లు మేం అంటిస్తాం సార్, ఏది పనిచేస్తుందో లిస్టు రాసిస్తాం" అని అడగండి. చాలాచోట్ల ఆ సార్ ఒక్కరే వందల మెషిన్లు చూస్తుంటారు. కాదనరు. రెండు శనివారాల పని. రెజ్యూమెలో ఒక నిజమైన లైన్ చేరుతుంది.

ఆ ఎంసీఏ తమ్ముడు ఇప్పుడు అదే పనిలో ఉన్నాడు. నిన్న రాత్రి మెసేజ్ పెట్టాడు. మూడో ఫ్లోర్‌లో ముప్ఫై ఒక్క పోర్టులుంటే పంతొమ్మిదే పనిచేస్తున్నాయట. లిస్టు హెచ్ఓడీ టేబుల్ మీద పెట్టాడు. కిందనే ఒక ఫారం నమూనా కూడా రాసిచ్చాడు. అందులో మొదటి గడి పక్కన బ్రాకెట్‌లో ఇలా ఉంది: 'వైఫై మ్యాక్ కాదు, కేబుల్ తగిలించే దాని మ్యాక్ రాయండి.'